తెలియదన్న పండితులు

ఒకానొక రాజ్యంలో, కొండల నడుమ ఉండేది గనుక ఏడుకోనల రాజ్యమని పిలిచే చోట, ధరణీంద్రుడనే రాజు ఉండేవాడు. మంచివాడే. కూతురంటే ప్రాణం, పెళ్ళామంటే భయం. ఈ రెండూ ఉన్నవాడు మరీ చెడ్డవాడు ఎలా అవుతాడు? కానీ న్యాయపీఠం ఎక్కాడంటే మాత్రం ఆయన కాళ్ళు నేలకు ఆనేవి కావు. తనంతటి న్యాయమూర్తి ఇంతకుముందు పుట్టలేదనీ, ఇకముందు పుట్టబోడనీ ఆయనకు గట్టి నమ్మకం.

ఆ నమ్మకానికి మూలం ఆయన కనిపెట్టిన ఒక పద్ధతి. మొగుడూ పెళ్ళాల తగవు గానీ, పిల్లల కోసం తగవు గానీ సభకు వస్తే, రెండు పక్షాలవాళ్ళూ తలా ఒక పండితుణ్ణి సాక్షిగా తెచ్చుకోవాలి. పండితుడు నోరు తెరిచే ముందు వంది, అంటే కొలువులో పొగడ్తలు పాడేవాడు, లేచి ఆయన బిరుదులన్నీ చదవాలి. ఎవరి పండితుడి బిరుదులు పొడుగ్గా ఉంటే వారిదే గెలుపు. బిరుదులు వినేటప్పుడు రాజుగారు భక్తిగా కళ్ళు మూసుకునేవారు. సాక్ష్యం మొదలయ్యాక కూడా ఆ కళ్ళు చాలాసార్లు తెరుచుకునేవి కావు.

"ఈ పద్ధతిలో పక్షపాతానికి చోటే లేదు," అని మీసం దువ్వుకునేవాడు రాజు.

ఆయన కొలువులో పేరయ్య అనే ముసలి చమత్కారి ఉన్నాడు. రాజు తండ్రి కాలం నుంచీ ఉన్నవాడు. రాజును ఎత్తుకుని ఆడించినవాడు గనుక, కిరీటం పెట్టుకున్నా ఆయన కంటికి రాజు ఇంకా ముక్కు కారుతున్న పిల్లాడే. ఈ సంగతి రాజుకూ తెలుసు. అందుకే పేరయ్యను చూస్తే కాస్త జంకు.

ఒకసారి మాచన, కామాంబ అనే దంపతుల తగవు సభకు వచ్చింది. మాచన చెరకు ఆడించి బెల్లం వండేవాడు. కామాంబ అలిగి, ఊరి ఆ చివరనున్న అన్నగారింటికి వెళ్ళిపోయింది. అలక ముదిరి పాకాన పడింది. ఇద్దరూ ఇక కలిసి ఉండమన్నారు. ఉండకపోతే పోయిరి, నడుమ గున్నమ్మ అనే ఆరేళ్ళ పిల్ల ఉంది. ఆ పిల్ల ఎవరి దగ్గర ఉండాలి? రాజుగారి చట్టం ప్రకారం ఓడినవాళ్ళు మళ్ళీ ఆ బిడ్డ ఉన్న గడప తొక్కకూడదు. అంటే గున్నమ్మకు అమ్మో నాన్నో ఒకరు లేకుండా పోవడం ఖాయం.

అంతకంటే దిగులు ఇంకొకటి. వాగుడుకాయ లాంటి ఆ పిల్ల, తగవు ముదిరినప్పటి నుంచీ నోరు విప్పడం మానేసింది.

"దొరా, అది మాట్టాడి పంటకాలం దాటిపోయింది. అమ్మా అని కూడా అన్లేదు," అని కామాంబ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నా కాడ మాత్రం మాట్టాడతందా?" అన్నాడు మాచన. గొంతులో కోపం లేదు, ఏడుపే ఉంది.

ముందుగా మాచన పక్షాన రుద్రభట్టు అనే బాలవైద్యుడు లేచాడు. వంది ఆయన బిరుదులు చదివేసరికి సభలో సగంమందికి ఆవులింతలు వచ్చాయి. "ఈ మూగతనానికి కారణం తల్లి వండే పులుసు," అన్నాడు రుద్రభట్టు. "పులుపు వాతాన్ని రేపింది. వాతం నాలుకను పట్టింది. పిల్లను తండ్రి దగ్గరే ఉంచాలి."

తర్వాత కామాంబ పక్షాన వామనాచార్యులు లేచాడు. ఆయనా బాలవైద్యుడే. బిరుదుల్లోనూ ఏమీ తీసిపోలేదు. "కారణం తండ్రి పెట్టే బెల్లం," అన్నాడు. "బెల్లం వేడి. వేడి గొంతును కట్టేసింది. పిల్లను తల్లి దగ్గరే ఉంచాలి."

రాజు చిక్కులో పడ్డాడు. వాదనలు చూసి కాదు, బిరుదులు సరిసమానంగా వచ్చినందుకు. వందిని పిలిచి మళ్ళీ మొదటి నుంచి చదవమన్నాడు. తల్లి చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, తండ్రి పంచె అంచు ఒక చేత్తో పట్టుకుని గున్నమ్మ నిలబడి ఉంది. ఆ సభలో ఆ పిల్ల వంక చూసినవాడు పేరయ్య ఒక్కడే.

"ప్రభూ," అని లేచాడు. "ఈ తీర్పు రేపు చెప్పవచ్చు. ఈలోగా ఇలాంటిదే చిన్న తగవు ఇంకొకటి ఉంది. పండితులు ఎలాగూ సభలోనే ఉన్నారు. దాన్నీ తేల్చేస్తే ఒక పని అయిపోతుంది."

"ఎవరి తగవు?"

"ఒక పెద్దింటి ఆయనది. పరువుగలవాడు, పేరు బయటపెట్టవద్దన్నాడు. ఆయనకు ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లను తండ్రి దగ్గర ఉంచవచ్చా అన్నది ప్రశ్న."

"పేరుతో మనకేం పని? లక్షణాలు చెబితే చాలు," అన్నాడు రాజు ఉత్సాహంగా.

పేరయ్య వామనాచార్యులను కాసేపు బయట కూర్చోమని వేడుకుని, రుద్రభట్టు వైపు తిరిగాడు. "అయ్యా, ఆ ఇంటాయన కూరలో ఉప్పు తగ్గితే కంచం తోసేస్తాడు. చదరంగంలో ఓడితే పావులు విసిరికొడతాడు. కూతురు సంగీతం నేర్చుకుంటుంటే మధ్యలో ఎత్తుకుపోతాడు, పాపం గురువుగారు తంబురా పట్టుకుని గోడలు చూస్తూ కూర్చుంటాడు. ఇక ఆ ఇంటి వాకిట్లో రాత్రింబవళ్ళు కత్తులు పట్టుకున్న మనుషులు కాపు కాస్తుంటారు."

"కత్తులా!" రుద్రభట్టు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "పసిపిల్ల తిరిగే వాకిట్లో కత్తులా! ప్రభూ, వీడెవడో బందిపోటు నాయకుడై ఉండాలి. పిత్తం నెత్తికెక్కిన మనిషి. ఇలాంటి వాడి నీడ కూడా బిడ్డ మీద పడకూడదు."

"నా మాటే చెప్పారు!" రాజు సింహాసనం చేతిని గుద్దాడు. "వాడికి కూతురొకటా? ఇదే నా తీర్పు. ఈ పొద్దే పిల్లను ఆ ఇంట్లోంచి తీసేయండి!"

"చిత్తం," అని పేరయ్య వంగి దణ్ణం పెట్టాడు. "మరి రాకుమారిని ఎక్కడికి పంపమంటారు?"

రుద్రభట్టు ముఖంలో నెత్తుటి చుక్క లేదు. రాజు ముఖంలోకి మాత్రం ఆ నెత్తురంతా వచ్చి చేరింది.

"పేరయ్యా! ఏమిటీ పరాచికం?"

"ఉప్పు సంగతి అబద్ధమా, ప్రభూ?"

"అబద్ధమని కాదు..."

"పావులు?"

"విసిరాను! అయితే? వాకిట్లో ఉన్నవాళ్ళు కావలి భటులయ్యా! నేనంటే అంతేనా? నా బిడ్డకు నేనేమిటో ఆ నాలుగు ముక్కల్లోనే ఉందా?" ఉత్తుత్తి తీర్పే అయినా, ఆ క్షణాన రాజుకు నిజంగానే కూతురు చేజారిపోయినట్లయింది.

"కొంచెం ఓపిక పట్టండి," అని పేరయ్య వామనాచార్యులను లోపలికి పిలిపించాడు. "ఆచార్యా, ఒక ఇంటాయన ఉన్నాడు. కూతురికి జ్వరమొస్తే మంచం పక్కన వట్టి నేల మీద పడుకున్నాడు. కూతురు మట్టితో లడ్డూలు చేసి పెడితే లొట్టలు వేస్తూ తిన్నట్టు నటిస్తాడు. దాన్ని వీపు మీద ఎక్కించుకుని తోటంతా గుర్రంలా పాకుతాడు. ఆయన దగ్గర పిల్లను ఉంచవచ్చునా?"

"ఉంచవచ్చునా ఏమిటండీ!" వామనాచార్యులు పొంగిపోయాడు. "తండ్రి అంటే అలా ఉండాలి! అలాంటివాడి ఇంట్లో తల్లి లేకపోయినా లోటు రాదు!"

"అయితే నేను పుట్టింటికి బయలుదేరవచ్చా?" అని పక్కనున్న అంతఃపుర గవాక్షం వెనక నుంచి మహారాణి గొంతు వినిపించింది. సభ గొల్లుమంది.

"ఇవన్నీ నీకెవరు చెప్పారు?" అన్నాడు రాజు, మట్టి లడ్డూల సంగతి బయటపడినందుకు సిగ్గుపడుతూ.

"రెండు ముక్కలూ మహారాణిగారే చెప్పారు, ప్రభూ. మొదటిది తమరు కంచం తోసేసిన రోజున. రెండోది ఆ కోపం చల్లారాక."

రాజు ఇద్దరు పండితుల వంకా చూశాడు. "గున్నమ్మను మీలో ఎవరైనా చూశారా?"

వాళ్ళు నేలచూపులు చూశారు. పిల్ల ఎదురుగానే ఉన్నా, ఇప్పటిదాకా ఇద్దరూ దాని నాలుకైనా చూడలేదు. ఎవరు పిలిచారో వాళ్ళు చెప్పిన మాటలే విని, వాటికి శాస్త్రం తొడిగి తెచ్చారు.

"అయితే పండితులు ఎందుకూ పనికిరారన్నమాట," అన్నాడు రాజు విరక్తిగా. గొప్పవాళ్ళకు ఈ జబ్బు ఉంది, నెత్తిన పెట్టుకున్నవాణ్ణి ఒక్కసారిగా కింద పడేస్తారు.

"శివశివా! అంత మాటనకండి," అన్నాడు పేరయ్య. "నా మనవడు ఈ రుద్రభట్టుగారి మందు వల్లే బతికి బట్టకట్టాడు. కత్తిపీట మంచిదే, దానితో గడ్డం గీసుకోమంటే ఆ తప్పు కత్తిపీటది కాదు కదా! తమరు వీళ్ళను తీర్పు చెప్పమన్నారు. చూసి రమ్మనలేదు. వీళ్ళను పిలవాల్సింది మాచనా కాదు, కామాంబా కాదు, సభ. రెండిళ్ళూ చూడమనండి. వైద్యులకు తెలిసినదే అడగండి. తెలియనిది తెలియదని చెప్పే ధైర్యం ఇవ్వండి. తీర్పు మాత్రం తమరే చెప్పండి."

"తెలియదంటే బిరుదులు పోవూ?"

"ఆ మాట అన్నవాడికి ఇంకో బిరుదు ఇవ్వండి."

రాజు ఆజ్ఞ ఇచ్చాడు. పండితులిద్దరూ ఒకే బండిలో వెళ్ళాలి, రెండిళ్ళలోనూ కలిసే ఉండాలి. దారి పొడుగునా వాతమని ఒకరు, వేడని ఒకరు పోట్లాడుకున్నారట. బండివాడికి తలనొప్పి వచ్చిందట. కానీ పని మాత్రం శ్రద్ధగా చేశారు. పిల్ల నాడి చూశారు, గొంతు చూశారు, కామాంబ పులుసు తిన్నారు, మాచన బెల్లం తిన్నారు. మధ్యాహ్నాలు అరుగుల మీద కునుకు తీస్తున్నట్టు పడుకుని పిల్లను గమనించారు.

తిరిగి సభకు వచ్చినప్పుడు వంది బిరుదులు చదవబోతే రుద్రభట్టే వద్దన్నాడు.

"ప్రభూ, పిల్ల నాలుకలో దోషం లేదు. గొంతులో దోషం లేదు. పులుసు కమ్మగా ఉంది. నేను ముందు చెప్పింది తప్పు."

"బెల్లమూ మంచిదే. నేను చెప్పిందీ తప్పే," అన్నాడు వామనాచార్యులు. "చెరకు ఆడే రోజుల్లో మాత్రం పొయ్యిల పొగ ఆ పిల్లకు పడదు. దగ్గు వస్తుంది. అది వైద్యుడిగా చెప్పగలను."

"మరి మాట?"

రుద్రభట్టు గొంతు సవరించుకున్నాడు. "పిల్ల మాట్లాడుతుంది, ప్రభూ. ఎవరూ లేరనుకున్నప్పుడు తన చెక్కబొమ్మతో రెండిళ్ళలోనూ మాట్లాడుతుంది. ఏం మాట్లాడిందో సభలో చెప్పలేం, చెబితే దానికి మేమూ ద్రోహం చేసినట్టే. ఒక్కటి మాత్రం చెబుతాం. నాన్న ఇంట్లో ఉన్నప్పుడు, అమ్మకు చెప్పొద్దని బొమ్మకు జాగ్రత్త చెబుతుంది. అమ్మ దగ్గర ఉన్నప్పుడు, నాన్నకు చెప్పొద్దంటుంది."

మాచన తల దించుకున్నాడు. పిల్ల తన దగ్గరికి వచ్చిన ప్రతిసారీ, మీ అమ్మ ఏమంది, మీ మావ ఏమన్నాడని గుచ్చి గుచ్చి అడిగింది తనే. కామాంబా అంతే. ఆ పసిది నోరు జారి అన్న ప్రతి మాటా మర్నాటికి రెండో ఇంట్లో తగవై నిలబడేది. ఎవరి మీదా చాడీ చెప్పకుండా ఉండాలంటే ఆ పిల్లకు దొరికిన దారి ఒక్కటే, నోరు మూసుకోవడం.

"నా తల్లే, నీ నోరు మేమే కుట్టేసినామే!" అని కామాంబ కూలబడి ఏడ్చింది.

రాజు కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. "ఆఖరి ప్రశ్న. ఇద్దరిలో ఎవరంటే దానికి ఎక్కువ ఇష్టం?"

పండితులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "తెలియదు, ప్రభూ," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఆ సభలో పండితుడి నోట ఆ మాట రావడం అదే మొదలు. రాజు సింహాసనం దిగి, ఇద్దరికీ చేతులు జోడించాడు.

తర్వాత తీర్పు చెప్పాడు. చెరకు ఆడే కాలమంతా గున్నమ్మ తల్లి దగ్గర. మిగతా కాలం కొన్నాళ్ళు ఇక్కడ, కొన్నాళ్ళు అక్కడ. ఏ గడపా ఎవరికీ మూసి ఉండదు. ఒక ఇంటి కబురు ఇంకో ఇంట్లో ఆ పిల్లను అడిగినవాళ్ళు రాజద్రోహులు.

ఆపైన ఆయన గున్నమ్మ ముందు గొంతుకూర్చున్నాడు. "నేనేమీ అడగనమ్మా," అన్నాడు.

గున్నమ్మ కాసేపు ఆయన్ను చూసింది. తర్వాత తాటాకు మీద గంటంతో సభ మాటలు ఎక్కిస్తున్న లేఖకుడి వైపు చూసింది. రాజుకు అర్థమైంది. చెయ్యి ఊపాడు. లేఖకుడు గంటం కింద పెట్టాడు. అప్పుడు గున్నమ్మ ముందుకు వంగి, రాజు చెవిలో ఏదో చెప్పింది. చాలా రోజులుగా దాచుకున్న మాటలు కాబోలు, కాస్త పొడుగ్గానే చెప్పింది.

రాజు నవ్వడం మొదలుపెట్టాడు. కిరీటం ఊడి దొర్లిపోయినా నవ్వు ఆపలేదు. నవ్వుతూనే మెడలోని ముత్యాల హారం తీసి పేరయ్య మెడలో వేశాడు.

"ఏమందో కాస్త చెప్పండి, ప్రభూ," అన్నాడు పేరయ్య ఉండబట్టలేక.

"చెప్పను. అది సాక్ష్యం కాదు," అన్నాడు రాజు.

మహారాణి బతిమాలినా చెప్పలేదట. మాచనా, కామాంబా అసలు అడగనే లేదట. నాకూ తెలియదు. తెలిస్తే ఈపాటికి మీకు చెప్పేసేవాణ్ణే, నా నోరు అలాంటిది. బహుశా అందుకే నాదాకా రానివ్వలేదు.