అప్పలసూరి ఏరుకున్న పెద్ద గాలం

సముద్రంలో వేట బంద్ పెట్టిన కాలం అది. చేపలు గుడ్లు పెట్టుకునే రోజులని పడవలన్నీ ఇసక మీదికి ఈడ్చేసి, వలలు పాకల్లో కుక్కేసి, మనుషులు కూలిపనులకి పోయారు. మనుషులకి కూలైనా ఉంది. వాళ్ల వెనక తిరుగుతూ చేప తలలూ తోకలూ తిని బతికే జీవాలకి ఏముంది? కాకులు ఊళ్లోకి పోయాయి. కుక్కలు పెళ్లిభోజనాల వెంట పోయాయి. ఒడ్డున మిగిలింది ముగ్గురే. పోలమ్మ అనే పిల్లి, అప్పలసూరి అనే నక్క, కొర్లయ్య అనే ఎండ్రకాయ.

పోలమ్మకి ముగ్గురు పిల్లలు, అప్పుడప్పుడే కళ్లు తెరిచారు. మొగుడు ఐసు లారీ కింద పడి పోయాడు. ఉన్నన్నాళ్లూ ఒక్క కవ్వ చేప ఇంటికి తెచ్చిన పాపాన పోలేదు గనక పోలమ్మకి పెద్ద తేడా తెలియలేదు. ఇప్పుడు మాత్రం తను తింటేనే పాలు, పాలుంటేనే పిల్లలు. కూర్చుని ఏడిస్తే పాలు పడవు కదా. లేచి పాకల వెంట వెతికింది. ఒక పాక చూరులో రేకు డబ్బా దొరికింది. డబ్బా నిండా తాళ్లు కట్టిన గాలాలు.

డబ్బా మూత తీసిందో లేదో అప్పలసూరి మూతి లోపలికొచ్చేసింది.

"ఏటి మరదలా, ఒక్కర్తివే వేటా? నేనుండగా నీకెందుకా కష్టం?"

"నువ్వున్నావనే కష్టం బావా" అంది పోలమ్మ.

డబ్బాలో గాలాలు చాలామట్టుకు తుప్పుపట్టి ముద్దయిపోయాయి. పనికొచ్చేవి రెండే. ఒకటి కొడవలంత. ఒకటి పిల్లి గోరంత.

అప్పలసూరి కొడవలి లాంటిదాన్ని లాక్కుని గుండెకి హత్తుకున్నాడు. "పెద్ద ఆకేస్తే పెద్ద భోజనం, పెద్ద గాలమేస్తే పెద్ద చేప. ఇందులో తెలియడానికేముంది? ఆ చిన్నది నువ్వుంచుకో. ముక్కుకి పెట్టుకుంటే బాగుంటావు."

పక్కనే కన్నంలోంచి కొర్లయ్య కళ్లు రెండూ పైకి లేచాయి. "పోలమ్మప్పా, పెద్దది ఒగ్గేశావేటి? దెబ్బలాడి లాక్కోలేకపోయావా?"

అల విసిరేసిన చిన్న చేప ఒకటి ఇసకలో పడి ఉంటే, పోలమ్మ దాన్ని కాలితో తొక్కిపట్టి నోరు తెరిచి గోరు పెట్టి చూసింది. గోరు సరిగ్గా దూరింది.

"చూశావా కొర్లయ్యా. అల విరిగే చోటికి వచ్చేవన్నీ ఇసకలో పురుగులు ఏరుకుని తినేవే. వాటి నోరెంత? నా గోరంత. కొడవలి వేస్తే ఏ నోట్లో పడతది? పెద్ద చేపలు లోపలెక్కడో లోతులో ఉంటాయి. ఒడ్డున కూర్చుని లోతులో చేపకి గాలం ఏరుకుంటే ఎలా?"

ఇసకలో ఎర్రపురుగు తవ్వి, గాలం మొన మాత్రం బయటికి ఉండేట్టు చిటికెడు గుచ్చి, అల విరిగే చోట వేసింది. కాసేపటికి తాడు టక్కుమంది. అరచెయ్యంత చేప. తనే తినేసి మళ్లీ వేసింది. మళ్లీ టక్కుమంది. ఆ పూట పిల్లలు కడుపునిండా పాలు తాగి, ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు.

అవతల అప్పలసూరి కొడవలి గాలానికి దోసెడు పురుగులు గుచ్చి సముద్రంలోకి విసిరి, మూతి పైకెత్తి కూర్చున్నాడు. చిన్న చేపలన్నీ వచ్చి చుట్టూ పొడుచుకు తిని, గాలాన్ని నున్నగా కడిగిచ్చి పోయాయి. మళ్లీ గుచ్చాడు. మళ్లీ కడిగిచ్చాయి.

"మామా, అన్నదానం పెట్టావేటి?" అన్నాడు కొర్లయ్య. "వడ్డించేవోడివి నువ్వు, తినేవాళ్లు వాళ్లు."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అప్పలసూరి తుర్రున లేచి పోలమ్మ దగ్గరకొచ్చాడు.

"ఇదంతా నీ మూలాన్నే! నా గాలానికి పెద్ద చేప వద్దామనుకునేసరికి దాని పిల్లల్ని నువ్వు పట్టేస్తున్నావు. పిల్లలు పోయిన చేపకి ఎర ఎలా సయిస్తది? తే, ఆ గాలం ఇలా తే!"

"ఇవ్వను."

"ఇవ్వకపోతే నీ పిల్లలు ఏ పడవ కింద ఉన్నారో నాకు తెలుసు మరదలా. నాకు ఆకలిగా ఉంది. ఆకలి రుచెరగదంటారు, ఆకలికి చుట్టరికం కూడా తెలియదు."

పోలమ్మ గాలం ఇచ్చేసింది. పిల్లల్ని నోట కరుచుకుని పడవ కింద నుంచి పాకలో ఎత్తయిన అటక మీదికి మార్చింది. అప్పలసూరి కొడవలిని ఆమె ముందు పారేసి, "నువ్వూ పెద్ద గాలం సుఖం అనుభవించు" అని పోయాడు.

అప్పలసూరికి చిన్న గాలం చేతికొచ్చింది గానీ ఆశ చిన్నదైతే కదా! "ఇంత చిన్న ఎరకి ఏం చేప వస్తది" అనుకుని, ఆ గోరంత గాలానికి జామకాయంత పురుగుల ముద్ద పెట్టాడు. గాలం ముద్దలో మునిగిపోయింది. చేపలు అంచులు కొరుక్కుతిని, మధ్య దాకా వచ్చేలోపే కడుపు నిండి వెళ్లిపోయాయి.

ఇటు పోలమ్మకి కొడవలితో ఒక్క చేప పడలేదు. పాలు తగ్గిపోయాయి. పొద్దున్నకల్లా అటక మీద ముగ్గురూ గొంతు పోయేలా అరుస్తున్నారు. ఆమెకి ఇంక మిగిలింది ఒకే ఒక్కటి, చేపలారేసే పందిరి మూల ఎండి అతుక్కుపోయిన సావిడాయి చేప తల. తను తిందామని దాచుకుంది. చూసింది, వాసన చూసింది, లొట్టలేసింది. తినలేదు. కొడవలి గాలాన్ని దాని లోపల ఎక్కడా కనబడకుండా దూర్చి, తాడు రెండో కొస పడవకి బిగించి కట్టింది. గాలి అప్పలసూరి వైపు వీస్తున్న చోట చూసుకుని కూర్చుంది.

వాసన ముందు పోయింది. వెనకాలే అప్పలసూరి వచ్చాడు. చిన్న గాలాన్ని పోకుండా తోక వెంట్రుకల్లో గుచ్చుకుని ఉన్నాడు.

"ఏటి మరదలా, ఏం వండుతున్నావు?"

"వంటా గింటా! పండుగప్పకి ఎర కడుతున్నాను. నీ అంత పొడుగుంటది, అదిగో, అల విరిగే చోట గుంటలోకి వచ్చింది."

"నేనూ వేశాను ఆ గాలం. ఏం పడలేదు!"

"నీ గాలం కనబడిపోయింది బావా. పండుగప్పంటే ఏటనుకున్నావు? ఈ ఒడ్డున అన్నిటికన్నా తెలివైన జీవి అదే."

అప్పలసూరి మీసాలు నిక్కాయి. "అన్నిటికన్నానా?"

"నీ తర్వాతేలే. అందుకే నువ్వొస్తే బాగుణ్ణనుకున్నాను. దీని మీద పళ్లు ఆనించి, లోపల గాలం ఎక్కడుందో చెప్పు. నువ్వు కనిపెట్టేస్తే మళ్లీ కడతాను. నీ అంతటోడికే దొరక్కపోతే ఆ పండుగప్ప తాతకి కూడా దొరకదు."

"పడితే నాకేటి?"

"తల నీది, నడుం నీది. తోక ముక్క నాకు పారెయ్."

"న్యాయంగా ఉంది" అన్నాడు అప్పలసూరి.

"కానీ బావా, పళ్లు ఆనించాలంతే. పొరపాటున కూడా తినకు."

"ఛ! నన్నెవరనుకున్నావు?"

ముందు నాలుకతో తడిమాడు. "ఇక్కడ లేదు."

"ఇంకొంచెం లోపలికి చూడు."

కాస్త కొరికాడు. కళ్లు మూతబడిపోయాయి. చొంగ కారి గడ్డం తడిసింది. "ఇక్కడా... లేదు."

"మధ్యలో ఉందేమో మామా" అన్నాడు కొర్లయ్య కన్నంలోంచి.

"మధ్యలోనా..." అని అప్పలసూరి ఒక్క పట్టున తలంతా నోట్లో వేసుకుని నమిలాడు. ఆత్రగాడికి బుద్ధి మట్టు కదా.

పోలమ్మ తాడు ఒక్క లాగు లాగింది.

"కనిపెట్టేశావా బావా?"

"అ! అ! అరదలా!" పైపెదవిలో గాలం దిగిపోయింది, మూత పడని నోటికి మాట ఎక్కడ పలుకుతుంది? "తియ్! తియ్యవే అరదలా!"

కొర్లయ్య కన్నంలోంచి పక్కకి పక్కకి పరిగెత్తుకొచ్చాడు. "అప్పా, పడింది! పండుగప్ప పడింది! ఓలమ్మో, దీనికి చెవులున్నాయే! తోక కూడా ఉంది! ఇదేం జాతి?"

"ఒడ్డునే తిరిగే జాతి" అంది పోలమ్మ. "నోరు చూసి గాలం వేశాను. ఎలాగూ పడుద్దని తెలుసు."

అప్పలసూరి ఒక అడుగు వెనక్కి వేస్తే తాడు ముందుకి లాగుతోంది. ముందుకి వస్తే పోలమ్మ గోళ్లు కనబడుతున్నాయి. పడవ చుట్టూ తిరిగి తిరిగి తాడంతా చుట్టుకుని, చివరికి చెక్కకి ముక్కు ఆనించి నిలబడ్డాడు.

"తోకలో గాలం ఇచ్చెయ్" అంది పోలమ్మ.

"తీస్కో! తీస్కో!"

పోలమ్మ తోక వెంట్రుకల్లోంచి గాలాన్ని లాగింది. గాలంతో పాటు కొన్ని వెంట్రుకలు కూడా వచ్చాయి. ఆమె క్షమించమని అడగలేదు.

"ఇంక నా పిల్లలున్న చోటి వైపు చూస్తావా?"

"చూడను! గంగమ్మ తల్లి తోడు!"

"గంగమ్మకి ఇంకా పనులున్నాయి. నువ్వే గుర్తుపెట్టుకో. కొర్లయ్యా, తాడు కత్తిరించు."

కొర్లయ్య కత్తెర లాంటి డెక్కతో తాడు టుక్కున తుంచాడు. "మరి గాలం?" అన్నాడు.

"అది బావ ఏరుకున్నదే కదా. మనకెందుకు?"

అప్పలసూరి సరుగుడు తోటల దాకా ఆగకుండా పరిగెత్తాడు. ముక్కు కింద కొడవలంత గాలం బులాకీలా ఊగుతుంటే, పెళ్లాం ఎగాదిగా చూసి, "చేప తెస్తానని పోయి నగ చేయించుకొచ్చావేటి?" అందట.

ఒడ్డున పోలమ్మ చిటికెడు పురుగు గుచ్చి అల విరిగే చోట వేసింది. తాడు టక్కుమంది.

గాలం ఏరుకునేది చేప నోరు చూసి. మన ఆకలి చూసి ఏరుకుంటే అది మన మూతికే దిగుద్ది.