స్థపతికి కాపలా

మా ఇంట్లో గాదె ఉన్న రోజుల్లో, దానికి పేడమట్టి మెత్తుతూ మా అమ్మ చెప్పిన కథ ఇది.

ఒక రాజుగారు ఊరందరి విత్తనపు వడ్లు దాచడానికి పరదేశం నుంచి స్థపతిని పిలిపించాడు.

"ఒకటే రాతి కొట్టు కడతాను. నూరేళ్లు చెక్కుచెదరదు. తలుపు తెరిచే కిటుకు నాకొక్కడికే తెలుస్తుంది," అన్నాడు స్థపతి మీసం దువ్వుతూ.

గాదెలల్లే మేదరి నూకాలు అది విని ముందుకొచ్చింది. ఈయన లేక తలుపు తెరుచుకోని ఏడాది ఊళ్లో నాట్లుండవు.

"వీధికో వెదురు గాదె చాలు దొరా. ఒకటి చెడినా మిగతావుంటాయి. అల్లిక అందరికీ నేర్పుతాను," అంది.

"తట్టలల్లేదానివి, నీకేం తెలుసే?" అని నవ్వాడు స్థపతి.

"తెలీదు బాబూ," అని ఆమె రాజు వైపు తిరిగింది. "అయితే దొరా, ఈ బాబును ఊరు దాటనివ్వకండి. ఏట్లో దిగనివ్వకండి. ఈయనకు జలుబు చేసినా మన విత్తనాలకు గండమే."

నిజమేననుకుని రాజు అప్పటికప్పుడే నలుగురు భటులను స్థపతి చుట్టూ నిలబెట్టాడు.

"ఎన్నాళ్లు ప్రభూ?" అని అడిగాడు స్థపతి.

"నూరేళ్లన్నావుగా!"

స్థపతికి పెళ్లాం, పిల్లలు గుర్తొచ్చారు. "గాదెలే మేలు ప్రభూ!" అన్నాడు.

"కాసేపు కూర్చో బాబూ," అంది నూకాలు. "అల్లిక నేర్చుకుని పో. మీ ఊళ్లోనూ పనికొస్తుంది."

ఇక్కడికొచ్చేసరికి అమ్మ నా చేతిలోనూ ఒక మట్టిముద్ద పెట్టేది. గాదె పోయింది, అమ్మా పోయింది. మెత్తడం మాత్రం నా చేతులకు ఇంకా వచ్చు.