నూకాలు మెడలో గంట

ఒకానొక రాజ్యం. పేరడక్కండి, ఇప్పుడా కోట గోడల మీద మేకలు మేస్తున్నాయి. దాన్నేలిన రాజు పేరు రణధీర భూపతి. రణం మాట దేవుడెరుగు, రెండు కోడిపుంజులు కొట్టుకుంటున్నా చూడలేక మొహం తిప్పుకునేవాడట. మనసు మంచిదే. ఆ మంచిమనసుకి పక్కన డప్పు కూడా మోగాలి ఆయనకి, అదీ చిక్కు.

ఒకసారి ఊరేగింపుగా పోతుంటే దారిలో ముసలి ఎద్దొకటి బరువు లాగలేక కూలబడింది. రాజు పల్లకి ఆపించి, దిగి, దాని మెడ నిమిరి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కోటకి రాగానే శాసనం రాయించాడు. మిట్టమధ్యాహ్నం పశువును కాడికి కట్టరాదు. కుంటిదాన్ని కట్టరాదు. చూడి ఆవు చేత పూచికపుల్ల కూడా లాగించరాదు. ఎవరైనా లాగిస్తే, ఆ ఆజ్ఞ ఇచ్చినవాడే ఆ బరువు లాగాలి, వాడు ఎంతటివాడైనా సరే. ఈ చివరి ముక్క రాజు తన నోటితో చెప్పి మరీ రాయించాడు.

బాగుంది కదా? ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

ఇంత దయగల శాసనం తాటాకు మీద పడి ఉంటే ఎవరు చూస్తారు? కోట వాకిట్లో రాతి మీద చెక్కించాలనుకున్నాడు. రాయంటే మామూలు రాయి కాదు, పదహారు మూరల నల్లబండ. అది కోసు దూరాన కొండ దగ్గరుంది. ఎడ్లతో లాగిద్దామంటే ఆ శాసనమే అడ్డం. అప్పుడు ధర్మాధికారి విశ్వపతి, రాజ్యంలో చట్టాలన్నీ రాసే పెద్దమనిషి, మనుషులున్నారు కదా ప్రభూ అన్నాడు. కొండ కింద రాళ్ళు కొట్టుకునేవాళ్ళ గూడెం నుంచి ఇంటికొక మనిషి వచ్చి మోకు పట్టాలి, రానివాళ్ళ గుడిసె పీకెయ్యాలి. రాజు తల ఊపాడు. ఆ తల ఊపడానికి ఎంతసేపు పట్టిందనుకున్నారు? తమలపాకు చుట్టి నోట్లో పెట్టుకున్నంతసేపు.

బండ కదిలింది. మూడోనాడు మోకు పట్టిన సన్యాసి అనేవాడి కాలు దుంగ కింద పడి విరిగింది. వాడి ఇంట్లో ఇంకెవరున్నారు? పెళ్ళాం నూకాలు ఒక్కతే. ఆమెకి నెలలు నిండుతున్నాయి. అయినా ఇంటికొకరన్నారు కాబట్టి ఆమెనే పట్టుకొచ్చి మోకు దగ్గర నిలబెట్టారు. సాయంత్రానికి పొత్తికడుపులో పట్టేసినట్టయి మోకు వదిలేసింది. రేపు బండని కోట మిట్ట ఎక్కించాలి, రాకపోతే గుడిసె ఉండదని భటులు చెప్పి పోయారు. కాలు విరిగిన మొగుణ్ణి ఆ గుడిసెలోనే పడుకోబెట్టి వచ్చిందామె.

తెల్లారగానే విశ్వపతి దగ్గరికి పోయి మొరపెట్టుకుంది. ఆయన పాపం కోప్పడలేదు. చట్టాల కట్ట విప్పి, ఆకు తరవాత ఆకు తిప్పి, కడుపుతో ఉన్న ఆడమనిషికి మినహాయింపు ఎక్కడా రాసిలేదమ్మా, లేనిది నేనెక్కణ్ణుంచి తేను, అని కట్ట మళ్ళీ కట్టేశాడు. రాయాల్సిన మనిషి ఆయనే. చూడండి వింత.

ఆ మాటలు గుమ్మం పక్కన నిలబడి ఒకడు విన్నాడు. వాడి పేరు గుండన. కొలువులో విన్నపాలు చదివే ఉద్యోగం. నిలకడ లేని మనిషి, నాలుగు వాక్యాలు చదివేసరికి నలభై అడుగులు నడిచేవాడు. కాలుగాలిన పిల్లి అని అందరూ వెక్కిరించేవాళ్ళు. ఆ పొద్దున మరీ ఎక్కువైంది. పొద్దు కోటగోడ దాటగానే కొమ్ము ఊదుతారు, కొమ్ము ఊదితే బండ కదులుతుంది. ఉత్తర్వు తిరగరాయించే వ్యవధి లేదు. గుండన వాకిట్లో అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, గోళ్ళు కొరుక్కున్నాడు, సూర్యుణ్ణి చూశాడు, మళ్ళీ తిరిగాడు. ఉన్నట్టుండి రాజుగారి గోశాలకేసి పరుగెత్తాడు.

వచ్చేటప్పుడు చేతిలో ఇత్తడి గంట ఉంది. నూకాలుకి సంగతంతా చెప్పి, అమ్మా, నలుగురిలో నీకు సిగ్గనిపిస్తే వద్దు, ఇంకో దారి వెతుకుదాం అన్నాడు.

"సిగ్గు నాకెందుకు బాబూ? ఇలా తే," అని ఆమె తనే మెడకి కట్టుకుంది.

కొమ్ము ఊదేశారు. రాజు గొడుగు కింద ఆసనం వేయించుకుని, పక్కన విశ్వపతితో, వేడుక చూడ్డానికి సిద్ధంగా ఉన్నాడు. మిట్ట మొదట్లో బండ, దానికి మోకులు, మోకుల వెంట వందమంది. ఐసా అనగానే అందరూ ఒక్కసారి వంగారు. ఆ గుంపులోంచి టంగుమని గంట మోగింది.

రాజు చెవులు రిక్కించాడు. రెండో ఊపుకి మళ్ళీ మోగింది. ఆయన ఆసనం మీంచి లేచి నిలబడ్డాడు. ఆపండి, అక్కడ ఆవునెవరు కట్టారు, నా శాసనం సిరా ఆరకముందే ఇంత తెగింపా అని ఊగిపోయాడు. పని ఆగింది. గుండన చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. నిజమే ప్రభూ, చూడిది కూడాను, ఇవాళో రేపో అన్నట్టుంది, నిన్న నొప్పితో కూలబడ్డా వదల్లేదు అని విన్నవించాడు. రాజు మొహం కందిపోయింది.

"ఆ ఆజ్ఞ ఇచ్చినవాడు ఈ క్షణమే ఈ మోకు పట్టి లాగాలి."

"ఎంతటివాడైనానా ప్రభూ?"

"ఎంతటివాడైనా. వీళ్ళందరూ సాక్షులు."

గుంపు పక్కకి జరిగింది. నూకాలు ఒక చేత్తో నడుము పట్టుకుని మెల్లగా ముందుకొచ్చి నిలబడింది. మెడలో గంట ఇంకా ఊగుతోంది.

విశ్వపతి ముందుగా తేరుకున్నాడు. శాసనం నాలుగు కాళ్ళ జీవాలకి ప్రభూ, ఈమెకి రెండే, ఇది కొలువుని అపహాస్యం చెయ్యడమే అని ధుమధుమలాడాడు.

"సరిగ్గా లెక్కపెట్టండి స్వామీ," అన్నాడు గుండన. "ఆమెవి రెండు, లోపలి బిడ్డవి రెండు."

ఎవరో ఫక్కుమని నవ్వబోయి నోరు మూసుకున్నారు. రాజు నవ్వలేదు. నీ తల ఎక్కడుందో గుర్తుందా అని గుండన మీద గుడ్లురిమాడు. గుండన సంగతి దాచడమెందుకు. నిజంగానే భయపడ్డాడు. అయినా నోరు మాత్రం ఆగలేదు.

"ప్రభూ, అదే ఎండ, అదే మోకు, అదే బండ. తేడా ఒక్కటే. ఎద్దు తన బాధ చెప్పుకోలేదు, తమరే కనిపెట్టి చట్టం రాశారు. ఈమె నోరు విప్పి చెప్పుకుంది. ఏ చట్టమూ వినలేదు."

రాజు నూకాలు వైపు తిరిగి, నువ్వేమంటావని అడిగాడు. ఆమె తల దించలేదు.

"మారాజా, ఎద్దు పడితే నువ్వు పల్లకి ఆపి దిగావంట. మా ఆయన పడితే బండ కూడా ఆగలేదు."

అంతే. రాజు విశ్వపతిని చూశాడు. విశ్వపతి ఆయన్ని చూశాడు. సలహా ఒకరిది, తల ఊపింది ఒకరు. రాజు కిరీటం తీసి ఆసనం మీద పెట్టి, దిగొచ్చి, ధర్మాధికారీ, మీరు ఆ పక్క పట్టండి అన్నాడు.

ఇద్దరూ మోకు పట్టారు. లాగారు. బండకి చీమ కుట్టినట్టయినా లేదు. మళ్ళీ లాగారు. విశ్వపతి పాగా జారి దుమ్ములో పడింది. రాజు అరచేతులు ఎర్రగా కమిలాయి, చెమట ధారలు కట్టింది. మూడోసారి కాలు జారి, రణధీర భూపతి అంతటివాడు ఇసకలో చతికిలబడ్డాడు. చతికిలబడి, కమిలిన చేతులు చూసుకుని, పక్కన రొప్పుతున్న విశ్వపతిని చూసి, నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళొచ్చాయి. అందులో నవ్వుకి వచ్చినవెన్నో, నూకాలు మాటకి వచ్చినవెన్నో ఆయనకే తెలియాలి.

అక్కడే కూర్చుని ఆజ్ఞ ఇచ్చాడు. బండ ఇక్కణ్ణుంచి అంగుళం కదలడానికి వీల్లేదు, శాసనం ఇక్కడే చెక్కండి, పశువుల సంగతి రెండో పంక్తిలో రాయండి, మొదటి పంక్తి మనుషులకి. సన్యాసి కాలికి రాజవైద్యుణ్ణి ఇప్పుడే పంపండి. నూకాలుని నా పల్లకిలో ఇంటికి చేర్చండి. ఆమె పల్లకి ఎక్కేముందు గంట విప్పి గుండన చేతిలో పెట్టింది, గోశాలలో అడుగుతారు బాబూ అని.

ఇక గుండన బహుమానం. రాజు తన పట్టు ఉత్తరీయం తీసి మొహం, మెడ తుడుచుకుని, నీళ్ళోడుతున్న ఆ గుడ్డని అలాగే వాడి భుజాన వేశాడు. గుండన దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

"ప్రభూ, ఉత్తరీయాలు ఎన్నయినా దొరుకుతాయి. తమరి చెమట మాత్రం ఈ రాజ్యంలో ఇదే మొదటిసారి చూడ్డం."

రాజు మళ్ళీ పడీపడీ నవ్వి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు. గుండన అటూ ఇటూ రెండడుగులు వేసి, ఆ మోకుని బండ దగ్గరే ఉంచమని అడిగాడు. ఏ కొత్త ఆజ్ఞకైనా ముద్ర వేసేముందు, రాసినవారు వచ్చి దాన్ని ఒక్కసారి లాగి వెళ్ళాలన్నాడు. సరేనన్నాడు రాజు.

అప్పట్నుంచి విశ్వపతిగారు రాసే ఆజ్ఞలు బాగా తగ్గిపోయాయట.