నిమ్మమొక్క మీది పురుగులు

క్షేమంకరుడి తోటలో సీతాకోకచిలుకలు నిలవడం లేదు.

కృష్ణ ఒడ్డున కొండ మీద ఉన్న చిన్న బౌద్ధవిహారంలోని తోట అది. పెద్ద గురువు ధర్మనందికి చూపు మందగించింది. వాన వెలిసిన పొద్దున సీతాకోకలు ఎగిరితే ఆ రంగులు మాత్రం తెలుస్తాయని ఆయన ఒకసారి అన్నాడు. ఆ మాట పట్టుకుని శిష్యుడు క్షేమంకరుడు ఊరివాళ్ల చేత తోట వేయించాడు. నూరువరహాలు, చేమంతి, గన్నేరు, గోడవారన నిమ్మ. సీతాకోకలు వచ్చేవి, తేనె తాగేవి, పోయేవి. ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి కూడా.

అతను పెట్టిన లోటు ఏమీ లేదు. నిమ్మాకుల మీద పిట్టరెట్ట లాంటి పురుగులు కనిపిస్తే చంపేవాడు కాదు. అహింసావ్రతం పట్టినవాడు కదా. ఒక్కొక్కదాన్నీ ఆకు దొన్నెలో ఎక్కించుకుని, ద్వారం దాటి, చల్లటి పచ్చిక మీద దించి వచ్చేవాడు. ఆ మోసుకెళ్లే తీరు చూడాలి, పల్లకిలో పెళ్లికూతురుందన్నంత భద్రం. ఒక్క ప్రాణికీ నొప్పి కలగనివ్వలేదని గురువుతో చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఒకరోజు పొద్దున అతను గురువుని ఇంకో సంగతికి అనుమతి అడిగాడు. ఆ మధ్య విహారంలో చేరిన కొమరడు ఏటిలో పడవ నడిపినవాడు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి కేకలేసి అలవాటైన గొంతు. పారాయణం మొదలుపెడితే చూరులో పావురాలు లేచిపోయేవి. ధ్యానానికి కూర్చుంటే గురకపెట్టేవాడు. అతన్ని ఆ సాయంత్రమే అవతలి ఒడ్డు విహారానికి పంపేద్దామని క్షేమంకరుడు అన్నాడు. కసురుకోలేదనీ, మనసు నొప్పించకుండా మంచిమాటలతో చెప్పాననీ, అతను మూట కట్టుకుంటున్నాడనీ చెప్పాడు.

ధర్మనంది లేచి, శిష్యుడి చెయ్యి పట్టుకున్నాడు. మెల్లగా నడిపించుకుంటూ ద్వారం దాటించి, నీడ చూసి పచ్చిక మీద కూర్చోబెట్టాడు. తోటపనికి వచ్చిన ఊరివాడి చేత రెండు గుప్పిళ్ల గడ్డి పీకించి అతని భిక్షాపాత్రలో వేయించాడు.

"నీకెక్కడా నొప్పి కలిగించలేదు కదా?" అన్నాడు.

"లేదు భంతే."

గురువు లోపలికి వెళ్లి తలుపు మూసుకున్నాడు.

కాసేపటికి భోజనాల గంట మోగింది. పొద్దు నడినెత్తి దాటితే భిక్షువులకు మర్నాటి దాకా తిండి లేదు. క్షేమంకరుడు తలుపు వైపు చూశాడు. పాత్రలో గడ్డి వైపు చూశాడు. పొద్దు వాలింది. మొదట కోపం వచ్చింది, తరవాత ఉత్త ఆకలే మిగిలింది.

అప్పుడు కనిపించాయి, నిన్న తను దించిన పురుగులు. పచ్చిక మీద ఒక్క కొసైనా కొరికిన జాడ లేదు. రెక్కలొచ్చి సీతాకోకలు కావలసినవి ముడుచుకుపోయి ఉన్నాయి. ఒకదాన్ని చీమలు లాక్కుపోతున్నాయి.

తలుపు తీసుకుని కొమరడు మూటతో బయటికొచ్చాడు. పడవ వచ్చేదాకా ఇక్కడే ఉంటానని పక్కనే చతికిలబడ్డాడు. ఏటివైపు చూశాడు. ఆ పెద్ద గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా వచ్చింది.

"ఆ ఒడ్డున నన్నుంచుకుంటారా భంతే?"

క్షేమంకరుడు లేచి కొమరడి మూట తన భుజానికెత్తుకున్నాడు. వెళ్లి తలుపు తట్టాడు.

"ఏం?" లోపలి నుంచి గురువు గొంతు.

"ఈ పచ్చిక మాకు పడదు భంతే."

తలుపు తెరుచుకుంది.

తెల్లవారి పారాయణానికి చూరులో పావురాలు మళ్లీ లేచిపోయాయి. క్షేమంకరుడు కొమరడి పక్కనే కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి గురక వినిపిస్తే మోచేత్తో తట్టి లేపాడు.

కొన్నాళ్లకి క్షేమంకరుడు గురువు దగ్గరికొచ్చి, పురుగుల్ని ఉండనిస్తే నిమ్మమొక్కకి చిల్లు లేని ఆకు ఒక్కటీ మిగల్లేదని చెప్పాడు.

"అయితే ఇంకాస్త నీళ్లు పొయ్యి" అన్నాడు ధర్మనంది.