రాజుగారి కల్లు గిన్నె

ఒకానొక రాజ్యం. పేరు మాత్రం అడక్కండి, చెబితే ఆ ఊళ్లవాళ్లు ఇవాళ్టికీ తలలు దించుకుంటారు. దాన్ని ఏలిన రణధీర భూపతికి పేరులోనే తప్ప రణం ఎక్కడా లేదు. చదువు అంతంతమాత్రం. ఆయనగారి గొప్పంతా నాలుకలో ఉంది. కల్లు ఒక్క గుక్క పుక్కిట పట్టి, అది ఏ గట్టు మీది చెట్టు, ఏ దిక్కు గాలి తగిలిన కుండ అన్నీ చెప్పేయగలనని ఆయన నమ్మాడు. రాజే నమ్మాక సభలో నమ్మనివాడెవడు?

"మొదట చెరకు. తరువాత నేరేడు. చివర్న తొలకరికి తడిసిన మట్టి," అని కళ్లు మూసుకుని చెప్పేవాడు. సభంతా ఆహా అనేది. ఆ చెట్టు పశువుల పాక వెనకాల ఉందనీ, ఆ మట్టి ఎలాంటి మట్టో తనకు తెలుసనీ ఎల్లమంద ఒక్కడే మనసులో అనుకునేవాడు.

ఎల్లమంద రాజుగారి కల్లు కొలువుకాడు. ఒకప్పుడు చెట్లెక్కి కల్లు దించే గీతగాడే. చెట్టు మీంచి పడి కాలు విరిగాక, నోటి దురుసు చూసి రాజే ముచ్చటపడి కొలువులో పెట్టుకున్నాడు. రాజు తాగే కల్లు ముందు తను తాగి చూడటం, రాజుగారి గిన్నెలో పోయటం, ఆపైన ఆ గిన్నె కడగటం అతని పని. మధ్యమధ్య రాజును నవ్వించటం కూడా అతని పనే.

ఏటా ఎండాకాలం మూడు రోజులు రుచుల సభ జరిగేది. ఏటిగట్టువాళ్లు, మెట్టవాళ్లు, కొండవాళ్లు తలా ఒకరోజు తమ కల్లు, తమ కాల్చిన మాంసం తెచ్చి రాజు ముందు పెట్టాలి. ఏటిగట్టువాళ్లు మాంసాన్ని ఇనప ఊచలకు గుచ్చి చింతనిప్పుల మీద కాలుస్తారు. మెట్టవాళ్లు గుంత తవ్వి, ఎర్రగా కాలిన రాళ్లు పరిచి, మేకతొడను ఆకుల్లో చుట్టి పాతిపెడతారు. కొండవాళ్లు వెదురు బొంగులో కూరి మంటలో దొర్లిస్తారు.

ఇక చూడండి రభస! "నిప్పు తగలని మాంసం కాల్చిందెట్లా అవుతుందిరా, అది ఉడికింది!" అని ఏటిగట్టువాళ్లు. "మీది కాలింది కాదు, మాడింది. బొగ్గు తింటారా మీరు?" అని మెట్టవాళ్లు. "ఇద్దరిదీ కలిపినా మా బొంగు వాసనకు సరిపోదు పోండి," అని కొండవాళ్లు. వియ్యాలందుకోవాల్సినవాళ్లు ఉప్పు ఎప్పుడు చల్లాలన్న దగ్గర మాటలు మానేసిన ఏళ్లున్నాయి. అయినా అదంతా సరదాగానే నడిచేది, ఆ ఏటిదాకా.

ఆ ఏడు రాజుగారికి కొత్త ఆలోచన పుట్టింది. అందరూ తాగే కల్లు తను తాగటమేమిటి? తన తాతగారి రాగి గిన్నె ఒకటుంది. పెద్దది, చుట్టూ ఏనుగుల వరస చెక్కి ఉంటుంది. తెల్లారే కల్లు అందులో పోసి, మధ్యాహ్నందాకా అందులోనే పులియనిచ్చి, అప్పుడు కాల్చిన మాంసంతో సేవించాలి. "ఆ గిన్నెలో మా వంశపు రుచి ఊరుతుంది," అన్నాడు. సభ ఆహా అంది. గిన్నె లోపలి కళాయి పూత ఎప్పుడో అరిగిపోయి రాగి బయటపడింది. ఏటా వచ్చే కళాయివాడు అడిగితే, "తాతగారి చెయ్యి పడ్డ గిన్నె మీద నీ చెయ్యా?" అని గెంటించాడు.

మొదటిరోజు ఏటిగట్టు పోలయ్య కల్లు తెచ్చాడు. ఎల్లమంద కుండలోంచి ముంతలోకి వంచుకుని తాగాడు, బాగుంది. మిగిలింది రాజుగారి గిన్నెలో పోశాడు. మధ్యాహ్నం రాజు నాలుగు ఊచల మాంసం నంజుకుంటూ గిన్నె ఖాళీ చేశాడు. గడియ తిరక్కుండానే కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు. వాంతులు, వాంతుల మీద వాంతులు. రాజవైద్యుడు నాడి చూసి, తాటాకులు తిప్పి, "విషప్రయోగం," అన్నాడు.

పోలయ్యను పెడరెక్కలు విరిచి కట్టారు. అతను గోల పెట్టలేదు. ఎల్లమంద వైపు తిరిగి, "అన్నా, నువ్వూ తాగావు గదా. నీకేమీ కాలేదు గదా. ఒక్క మాట చెప్పన్నా," అన్నాడు.

ఎల్లమందకు అప్పటికే అంతా తెలుసు. గిన్నె కడుగుతుంటే అడుగున పచ్చగా కిలుము చేతికి అంటింది. కళాయి లేని రాగిలో పులుపు పోస్తే ఏమవుతుందో అతని తల్లి పాలు మరిపించే నాటికే చెప్పింది. కానీ ఆ మాట చెప్పటమంటే తప్పు రాజుదనీ, రాజు తాతదనీ చెప్పటమే. ఎల్లమంద తల దించుకున్నాడు. మర్నాడు పొద్దున్నే పోలయ్యను కోట వెనక దిబ్బ మీద, మొన తేలిన కొర్రు ఎక్కించి చంపారు. ద్రోహి శవం మూడు రోజులు గద్దలకు వదిలేయాలని అక్కడి శాసనం.

సభ మాత్రం ఆగలేదు. రెండోరోజు మెట్ట ఓబన్న కల్లు తెచ్చాడు. మళ్లీ అదే గిన్నె, అవే వాంతులు. రాజవైద్యుడి నోట అదే మాట. ఓబన్నను మర్నాడు మిట్టమధ్యాహ్నం కొర్రు ఎక్కించమని ఆజ్ఞ అయింది. ఓబన్న పెళ్లాం నిండుచూలాలు, కోట గుమ్మం ముందు మట్టిలో కూలబడి ఏడ్చింది. ఆ పక్కనే ఎల్లమంద నిలబడ్డాడు. ఇంక ఇవాళ కూడా నోరు మూసుకుంటే తను మనిషినని చెప్పుకోలేననిపించింది. భయం మాత్రం పోలేదు.

మూడోరోజు తెల్లారగానే, కొండవాళ్లు కల్లుతో రాకముందే, అతను చేసింది చాలా చిన్న పని. సాక్ష్యంగా పెట్టిన ఓబన్న కల్లు కుండ తీసి, కొంత కొత్త మట్టిముంతలో పోశాడు, కొంత తాతగారి గిన్నెలో పోశాడు. గిన్నెలో రోజూ పొయ్యమన్న ఆజ్ఞను ఎవరూ రద్దు చెయ్యలేదు కాబట్టి అడిగినవాడు లేడు. పొద్దెక్కాక రెంటికీ గుడ్డలు చుట్టి సభకు మోయించుకొచ్చాడు.

రాజు దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు, మొహం పాలిపోయి ఉంది. ఓబన్నను గొలుసులతో ఓ పక్కన నిలబెట్టారు.

"ప్రభూ," అన్నాడు ఎల్లమంద, "ఈ ఓబన్న ఉత్త అమాయకుడు. తమరికి విషం పెట్టినవాడు వేరే ఉన్నాడు. తమరికి చాలా కావలసినవాడు. తమరి ఇంట్లోనే పెరిగినవాడు. ఈ సభలోనే ఉన్నాడు."

రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి తన చేతుల వైపు చూసుకున్నాడు. రాజు బావమరిది మెల్లిగా గుమ్మం వైపు జరగటం మొదలెట్టాడు.

"ఎవడ్రా వాడు?" అని రాజు దిండు మీద గుద్ది అరిచాడు.

"చెబుతాను. ముందు రెండు మాటలివ్వాలి. పేరు చెప్పినందుకు నా తల తియ్యకూడదు. వాడెంత దగ్గరివాడైనా ఇవాళ మధ్యాహ్నమే కొర్రు ఎక్కాలి. ఒక కొర్రుకు ఒక ద్రోహి. వాడెక్కితే ఓబన్న ఇంటికి పోవాలి."

"ఇచ్చాను. మా వంశం మీద ఒట్టు. నా సొంత మనిషైనా వదలను," అన్నాడు రాజు, బావమరిది వైపే చూస్తూ. బావమరిది పాపం అక్కడే ఆగిపోయాడు.

ఎల్లమంద మట్టిముంత గుడ్డ విప్పి, సభ చూస్తుండగా సగం తాగాడు. మిగతా సగం సేనాపతికిచ్చాడు. సేనాపతి రాజు వైపు చూసి, దండం పెట్టుకుని తాగాడు. ఒక గడియ ఆగారు. ఇద్దరూ నిక్షేపంగా నిలబడి ఉన్నారు. సేనాపతి ఇంకొంచెం ఉందా అన్నట్టు ముంతలోకి తొంగిచూశాడు.

"కల్లు మంచిదే ప్రభూ. మాంసం సభలో అందరూ తిన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఇక మిగిలినవాడు ఒక్కడు," అని ఎల్లమంద వంటశాల వెనక అంట్లు తోమే అక్కమ్మను పిలిపించాడు. ముసలిది, సభాభవనం గడప ఎన్నడూ తొక్కనిది. గిన్నెకు వెలుపల గుడ్డ అలాగే ఉంచి, మూతి మాత్రం తెరిచి, లోపల చూడమన్నాడు.

అక్కమ్మ తొంగిచూసి ముక్కు మూసుకుంది. కొంగు కొస లోపల రాసి చూపించింది, అంతా పచ్చటి మరక. "ఓరి నాయనో! కిలుమెక్కి చచ్చింది గదయ్యా! కళాయి లేని గిన్నెలో కల్లు పోస్తారా ఎవరైనా? ఇది తాగితే పేగులు నోట్లోకొస్తాయి. ఏ ఇంటిదో గానీ ఆ ఇంట్లో బుద్ధున్న మనిషి ఒక్కరూ లేరా?"

ఎల్లమంద గుడ్డ లాగేశాడు. ఏనుగుల వరస కనబడింది. అక్కమ్మకు ఎవరి గిన్నో అర్థమై, మరకంటిన కొంగు గబగబా వెనక దాచుకుంది.

రాజు లేచి నిలబడ్డాడు. పాలిపోయిన మొహం ఎర్రబడింది. "అది మా తాతగారి గిన్నె!" అన్నాడు. ఎల్లమంద అవిటికాలిని రెండోకాలికి ఆనించి నిలబడ్డాడు.

"అందుకే కావలసినవాడన్నాను ప్రభూ. తాతగారు బతికున్నన్నాళ్లూ ఇది నమ్మకంగానే కొలిచింది. ఆయన పోయాక శత్రువులతో చేతులు కలిపింది. రోజూ తమరి పెదాలు తాకుతూ, వంశానికే విషం పెట్టింది. ఇంతకు మించిన ద్రోహం ఉంటుందా? మొహమాటపడకండి. తమరు మాటిచ్చారు, కొర్రు సిద్ధంగా ఉంది."

రాజు గిన్నెను చూశాడు. కొర్రు మీద రాగి గిన్నెను ఊహించుకున్నాడు కాబోలు, పెదవి ఒక పక్క వంగింది. తప్పు తనది కాదు, గిన్నెది! పోయిందనుకున్న పరువు దర్జాగా తిరిగొచ్చింది. అంతే, పొట్ట పట్టుకుని నవ్వాడు. "ద్రోహి గిన్నె! ఓరి నీ అసాధ్యం కూలా, ఎల్లమందా!" రాజు నవ్వాడు కాబట్టి మంత్రి నవ్వాడు, రాజవైద్యుడు నవ్వాడు, బావమరిది అందరికంటే గట్టిగా నవ్వాడు. అక్కడికక్కడే గిన్నెను పట్టుకుపోయి సమ్మెటతో కొట్టి కొర్రుకు దిగ్గొట్టారు. ఓబన్న గొలుసులు విప్పారు.

"ఏం కావాలో కోరుకో," అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ. "బంగారు కడియమా? మాన్యమా?"

"పోలయ్యను దించుకోనివ్వండి ప్రభూ," అన్నాడు ఎల్లమంద.

"ఎవరు?"

"ఏటిగట్టు పోలయ్య. నిన్న పొద్దున ఎక్కించారు. ఇంకా అక్కడే ఉన్నాడు."

రాజుకు గుర్తు రావటానికి కాస్త సమయం పట్టింది. "ఓ, వాడా. అంతేనా? దించుకో, దించుకో," అని చెయ్యి ఊపి, మళ్లీ గిన్నె సంగతి తలుచుకుని నవ్వసాగాడు. కడియం కూడా ఇప్పించాడు.

కోట వెనక దిబ్బ మీదికి ఎల్లమంద నిచ్చెన మోసుకుపోయాడు. వద్దన్నా వినకుండా ఓబన్న వెంట వచ్చాడు. గద్దలను తోలారు. ఎల్లమంద అవిటికాలితోనే నిచ్చెన ఎక్కి, పోలయ్యను చంకల కింద పట్టుకుని పైకెత్తాడు. కింద ఓబన్న కాళ్లు పట్టుకున్నాడు. దించి, ఓబన్న తన పంచె విప్పి కప్పాడు. ఎల్లమంద కడియం తీసి పోలయ్య పెళ్లానికిద్దామని ఆ పంచె కొసకే ముడేశాడు.

"అన్నా, గిన్నె సంగతి నీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగాడు ఓబన్న.

"మొదటిరోజే."

ఓబన్న తల తిప్పి అతని మొహంలోకి చూశాడు. "మరి ఆనాడెందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

"ఇవాళ వెయ్యలేదా?"

"ఇవాళా వేసింది," అన్నాడు ఎల్లమంద.

ఓబన్న వంగి పోలయ్య కాళ్ల వైపు ఎత్తాడు. తలవైపు ఎల్లమంద ఎత్తుకున్నాడు. సభలోంచి నవ్వులు దిబ్బ దాకా వినబడుతూనే ఉన్నాయి. ఇద్దరూ ఏటిగట్టు దారి పట్టారు.