నది గడ్డకట్టని ఏడాది

ఎవరు ముహూర్తం అడిగినా ఎర్ద్ని గురువు ముందు ఏటిదాకా నడిచి, నీళ్ళలో చెయ్యి ముంచి వచ్చేవాడు. పంచాంగం తెరిచేది ఆ తరవాతే. ఆయన కల్మిక్ తెగకు చెందిన బౌద్ధ భిక్షువు. రష్యాలోని వోల్గా నది ఒడ్డు విడిచి, నెలల తరబడి తూర్పుకు నడిచి, తాతలనాటి నేల అయిన ఇలీ లోయ చేరినవాళ్ళలో ఒకడు.

ఒకరోజు మందలవాళ్ళు ఏటి అవతలి పచ్చికకు విడిది మార్చాలని వచ్చారు. మోకాళ్ళు పట్టేయడంతో గురువు, ఏరు చూసి రమ్మని శిష్యుడు బెంబేతో చెప్పాడు. బెంబే కదల్లేదు. అతని చేతిలో అప్పటికే పంచాంగం ఉంది.

"రేపు దివ్యంగా ఉంది స్వామీ. నక్షత్రాలుండేది ఆకాశంలో కదా, ఏటితో మనకేం పని?"

గురువు కోప్పడలేదు. పాత సంగతి ఒకటి చెప్పాడు.

వోల్గా నుంచి కదలడానికి రోజు పెట్టింది భిక్షువులే. ఎర్ద్ని వాళ్ళలో చిన్నవాడు. నది గడ్డకడితే పడమటి ఒడ్డు జనం మంచు మీద నడిచొచ్చి కలవాలి. కానీ ఆ ఏడు చలి ముదరలేదు, నీళ్ళు పారుతూనే ఉన్నాయి. కెర్మెన్ అనే విధవరాలు రోజూ వచ్చి కాళ్ళమీద పడేది. ఆమె ఒక్కగానొక్క కూతురు నిండు చూలాలు, అవతలి ఒడ్డున అత్తవారి గుడారంలో ఉంది.

"ఇంకొన్నాళ్ళు ఆగండి స్వామీ. గడ్డకట్టకుండా ఎక్కడికి పోతుంది?"

పన్నెండు రోజుల తరవాత ఇంకో మంచిరోజు ఉందని ఎర్ద్ని చూశాడు. చెప్పబోతే పెద్ద భిక్షువు కన్నెర్ర చేశాడు. "పెట్టిన ముహూర్తం మారిస్తే రేపు మన మాట ఎవడు వింటాడు?" ఎర్ద్ని పంచాంగం మూసేశాడు. ఈ కథ చెబుతున్న నాకు ఆ పెద్దాయన మీద ఇప్పటికీ కోపమే. నోరు మూసుకున్న చిన్నవాడి మీదా కోపమే.

బళ్ళు కదిలే పొద్దున కూతురు అవతలి ఒడ్డుకు వచ్చి, పుట్టిన బిడ్డను రెండు చేతులా పైకెత్తి చూపించింది. నది వెడల్పు చాలా ఎక్కువ. దారిలో చలికీ ఆకలికీ రాలిపోయినవాళ్ళను పాతిపెట్టే తీరిక కూడా లేకపోయింది. కెర్మెన్ మాత్రం బతికి ఇలీ చేరింది. ఎర్ద్ని కనపడినప్పుడల్లా, చనిపోయేదాకా, ఒకటే అడిగేది.

"ఆడపిల్లా, మగపిల్లాడా స్వామీ? మీ పుస్తకంలో ఉందేమో చూడండి."

బెంబే గొంతు తగ్గింది. "అయితే ఆనాటి ముహూర్తం తప్పా?"

"మంచిరోజే. పుస్తకంలో ఇప్పటికీ అలాగే ఉంది."

గురువు చూపు మందలవాళ్ళ వెనక, చంకలో బిడ్డతో నిలబడ్డ ఆడమనిషి మీద ఆగింది.

"ఏరు చూసి రా నాయనా. పుస్తకం ఎక్కడికీ పోదు."