తోడు అడిగిన కోడలు

అనగనగా ఒక ఊళ్ళో... ఊరి పేరు నోటి చివరే ఉంది, రావడం లేదు, పోనీండర్రా... మనుషులకి మాట్లాడాలన్న బుద్ధే పోయింది. తింటారు, తలుపేసుకుంటారు, పడుకుంటారు, లేస్తారు, తలుపేసుకుంటారు. ఆఖరికి పోట్లాటలు కూడా లేవు! కోడళ్ళని తిట్టని అత్తలున్న ఊరంటే రాజుగారికి భయం వెయ్యదూ?

ఈ బెంగ ఎందుకో కనిపెట్టే పని ఎత్తుకున్నవాళ్ళకి ఏడాది గ్రాసం, అంటే ఏడాదికి సరిపడా తిండిగింజలు, ఇస్తానని చాటింపు వేయించాడు. ఏటా గడ్డాల పండితులే వచ్చేవారు. గ్రహచారం అనేవారు, గింజలు మోసుకుపోయేవారు.

ఆ ఏడు పేరిందేవి అని ఓ కొత్త కోడలు రాజుగారి దగ్గరికి వెళ్ళింది. ఊళ్ళోవాళ్ళ వడ్లు దంచితేగాని ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు. మనుషుల మనసులో ఏముందో తెలుసుకోవాలని ఆశ. రోకలి వదిలితేగా తీరిక!

మంత్రి నవ్వి, నీకు గడ్డమేదమ్మా అన్నాడు.

"అది వచ్చేదాకా ఆగమంటే ఈ జన్మకి ఆగాల్సిందేగా బాబయ్యా!" అంది.

రాజుగారికి నవ్వొచ్చి గ్రాసం ఇచ్చాడు. తేల్చకపోతే మాత్రం ఇకమీదట చిన్నవాళ్ళెవరికీ గింజ కూడా ఇవ్వనన్నాడు.

ఊ కొడుతున్నారా? చిట్టీ, నీ ఊ వినపడలేదే!

పేరిందేవి ఇల్లిల్లూ తిరిగి మీ బెంగేమిటని అడిగింది. పెద్దింట్లో బెంగ లేదన్నారు, చిన్నింట్లో బెంగ లేదన్నారు, మూలింట్లో బెంగ లేదని తలుపేసేశారు. ఏడాది కరిగిపోతోంది.

అలా తిరుగుతూ ఓ రోజు పెరుగు బండి అందుకోలేకపోయింది. ఏం బండంటారా? జనానికి శ్రమెందుకని రాజుగారే ఇంటింటికీ పెరుగు పంపేవాడులెండి. సరే, కాసిని పాలుంటే తోడు పెట్టుకుందామని గిన్నె పట్టుకుని పక్కింటి పిచ్చమ్మవ్వ దగ్గరికెళ్ళింది. అవ్వకి చెవుడు.

"అవ్వా, తోడుందా?"

"తోడెక్కడిదే నా తల్లీ! ముసలాయన పోయాక నాకెవరే తోడు?" అని అవ్వ భోరుమంది. ఇక చెప్పింది, చెప్పింది, చెప్పింది. పూర్వం పెరుగు తోడుకని ఎవరో ఒకరు వచ్చేవారట. చెంచాడు పెరుగు పట్టుకెళ్ళి కుండెడు కబుర్లు వదిలేవారట. బండొచ్చాక గడప తొక్కిన నాథుడు లేడట.

మర్నాటి నుంచి పేరిందేవి ప్రశ్న మానేసి గిన్నె పట్టుకుని తిరిగింది. తోడుందా అంటే చాలు, పెద్దింట్లో కబుర్లు, చిన్నింట్లో కబుర్లు, మూలింట్లో కన్నీళ్ళూ కబుర్లూ!

కారణం తెలిసింది. కానీ గ్రాసం పెట్టిన రాజుగారి ముందు తప్పు నీ పెరుగుదే అనడమెలా? ఆయనకి కోపమొస్తే చిన్నవాళ్ళందరికీ దారి మూసుకుపోతుందే! అయినా ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"రాజుగారి గింజలు తిని రాజుగారి పెరుగుకే వంకా!" అని మంత్రి లేచాడు.

రాజుగారి మొహం జేవురించింది. "బండి ఆపెయ్యమంటావా? పెరుగన్నం లేకపోతే పిల్లలు ఏడవరూ?"

"ఆపకండి మహారాజా. పెరుగు బదులు పాలు పంపండి. తోడు వాళ్ళే తెచ్చుకుంటారు."

రాజుగారు అలాగే చేశాడు. సాయంత్రానికి ఊళ్ళో తలుపులన్నీ తెరుచుకున్నాయి, గిన్నెలన్నీ వీధిలోకొచ్చాయి. వారం తిరక్కుండా మీ తోడు పులుపంటే మీ తోడే పులుపని పెద్ద పోట్లాట! మేడ మీంచి విని రాజుగారు మురిసిపోయాడు. ఇకమీదట గడ్డం రానివాళ్ళకే ముందు గ్రాసమని చాటించాడు.

మీరూ ఎవరింటికెళ్ళినా ప్రశ్న పట్టుకెళ్ళకండి, గిన్నె పట్టుకెళ్ళండి. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.